సాయిబుగారి మటుకు చేప

రాజ్‌దూత్ సైలెన్సరులో పేరుకున్న మసి వదలగొట్టాలంటే గొట్టాన్ని కొలిమిలో పెట్టి, ఎర్రబడకముందే తీసి, తలకిందులుగా పట్టుకుని చెక్కసుత్తితో తట్టాలి. తొందరపడితే మసి రాలదు, నిదానిస్తే గొట్టం వంకరపోతుంది. బందరు మొత్తమ్మీద ఆ పని తెలిసినవాడు హిదాయతుల్లా ఒక్కడేనని అతని స్నేహితులు చెప్పుకుంటారు. మిగతా మెకానిక్కులు ఒప్పుకోరనుకోండి, అది వేరే సంగతి.

ఆ మంగళవారం సాయంత్రం అతను తడుతున్నది గోపాలకృష్ణమూర్తి బండి సైలెన్సరు. మూర్తి కోర్టులో గుమాస్తా. రెండో గేరు దాటకుండా ఊరంతా తిరిగొస్తాడు కాబట్టి మసికి కొదవలేదు. కొట్టు ముందు బల్ల మీద అతనితోపాటు బ్యాంకు ప్రకాశరావూ, గుడివాడ నుంచి బుల్లెట్ మీద వచ్చిన చిన్నబాబూ కూర్చున్నారు. చిన్నబాబు వాళ్ళకి రైసుమిల్లుంది గానీ అతనికి మిల్లులో కాలు నిలవదు. ముగ్గురి మధ్యా పాత క్యాలెండరు కాగితం బోర్లా పరిచి ఉంది. దాని మీద మూర్తి పెన్సిలుతో దారి గీస్తున్నాడు.

“చల్లపల్లి రోడ్డెక్కితే నేను రాను,” అన్నాడు ప్రకాశరావు. “రోడ్డు మీద పోవడానికి బస్సులున్నాయి. మనకి బళ్ళెందుకు?”

“ఎవరెక్కమన్నారండీ? ఇదిగో, ఇక్కణ్ణించి అంతా కాలవ గట్టే. ఘంటసాల దగ్గర వంతెన మీద చిన్నబాబు కలుస్తాడు. అక్కణ్ణించి మళ్ళీ గట్టెక్కి, మోపిదేవి పక్కగా పోయి, పులిగడ్డ దగ్గర ఏరు దాటితే అవనిగడ్డ.”

“కాలవ కాపలా లస్కరు ఎక్కనిస్తాడా?”

“చుట్టల కట్ట చూపిస్తే గట్టేంటి, వాళ్ళింటి అరుగు కూడా ఎక్కనిస్తాడు,” అన్నాడు చిన్నబాబు. “కాలవ నిండా దాళ్వా పంటకి వదిలిన నీళ్ళు. ఫిబ్రవరి ఎండ కాబట్టి ఎండలా ఉండదు. ఏడింటికి బయల్దేరితే పదకొండు కొట్టేసరికి ప్రేమమ్మ హోటల్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటాం.”

సుత్తి చప్పుడు ఆగింది.

“ఈసారి గుడివాడ పోదాం,” అన్నాడు హిదాయతుల్లా, తలెత్తకుండా. “స్టేషను దగ్గర మెస్సులో నెయ్యి బాగా వేస్తారు.”

“ఓరి నాయనో! నేను రోజూ తినే మెస్సుకి గుడివాడ నుంచి బందరొచ్చి, మళ్ళీ గుడివాడ వెళ్ళి తినాలా? బాగుంది బావా నీ ప్లాను.”

“కాదు, దివిసీమ దారి ఎలా ఉందో ఏంటో అని.”

“దారికేం? లారీలే తిరుగుతున్నాయి. ప్రేమమ్మ మళ్ళీ హోటలు తెరిచిందట, అవనిగడ్డ నుంచి మిల్లుకొచ్చినవాళ్ళు చెప్పారు. పాత పాక పోయిందిగా, రేకుల షెడ్డు వేసుకుందట. మొగుడు యలమంద పోయాక ఒక్కతే లాక్కొస్తోంది పాపం. మనం వెళ్ళకపోతే ఇంకెవరు వెళ్తారు?”

మూర్తి పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. “ఇన్నాళ్ళూ వెళ్ళకపోవడమే తప్పు. ఉప్పెన వచ్చి పదిహేను నెలలు దాటింది. ఆ శనివారం గాలి రాకపోతే మర్నాడు మనం అక్కడే ఉండేవాళ్ళం. అప్పటికే కార్డు కూడా రాశాను.”

ప్రేమమ్మది ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళి కూర్చునే హోటలు కాదు. అవనిగడ్డ దాటాక కోడూరు వైపు, గట్టు కింద చిన్న ఊరు. ఎందరొస్తారో తెలిస్తే అందరికే వండుతుంది. అందుకని నాలుగు రోజుల ముందు కార్డు రాయడం వీళ్ళకి ఆనవాయితీ, రాయడం ఎప్పుడూ మూర్తి పనే. ఇంట్లో ఉల్లిపాయ కూడా ఉడకని ఆ మనిషి, ప్రేమమ్మ అరుగు మీద పీత కాళ్ళు పటపటా కొరికేవాడు.

“ఆ కార్డు ముక్క ముక్కా గుర్తే నాకు,” అంటూ కోర్టులో కాగితం చదివినట్టు అందుకున్నాడు మూర్తి. “ఆదివారం మధ్యాహ్నం నలుగురికి భోజనం. మా ముగ్గురికీ పీతల పులుసు. సాయిబుగారు పీతలు ముట్టరు, మీరు కోసిన కోడినీ ముట్టరు. కాబట్టి సాయిబుగారి మటుకు చేప.”

చిన్నబాబూ ప్రకాశరావూ నవ్వారు.

“ఇప్పుడూ అదే రాసి పడేస్తాను. రేపు డబ్బాలో వేస్తే...”

“కార్డు రాయకండి!”

ఆ అరుపుకి రోడ్డవతల సోడా బండి వాడు కూడా తిరిగి చూశాడు. సైలెన్సరు హిదాయతుల్లా చేతిలోంచి జారి రాతి మీద పడి సొట్టపోయింది. పన్నెండేళ్ళలో అతని చేతిలోంచి వస్తువు జారడం వాళ్ళెవరూ చూడలేదు. అతను వంగి గొట్టం తీసి, సొట్ట మీద బొటనవేలితో చాలాసేపు రుద్దాడు.

“నేనే గురువారం వెళ్ళి చెప్పొస్తాను,” అన్నాడు నెమ్మదిగా. “దారి కూడా చూసినట్టుంటుంది. మీ సైలెన్సరు సరిచేసిస్తాలెండి పంతులుగారూ, బాధపడకండి.”

సొట్ట సంగతి మూర్తి అడగనే లేదు.

యలమంద ఉప్పెనలో పోయాడని వాళ్ళకి తెలుసు. ఎక్కడ పోయాడో, ఎందుకు పోయాడో తెలిసినవాడు హిదాయతుల్లా ఒక్కడే. ఉప్పెన వెళ్ళిన పదో రోజున మసీదు తరఫున బియ్యం లారీలో అతను అవనిగడ్డ వెళ్ళాడు. అక్కడ గట్టు మీద లస్కరు కనబడి, అడక్కుండానే చెప్పాడు. ప్రేమమ్మ ఊరివాళ్ళు బడి మేడెక్కి బతికారు. యలమంద ఆ పొద్దున్నే చేప తేవడానికి సైకిలేసుకుని సముద్రం వారన ఉన్న పాలేనికి వెళ్ళాడు. పాలెంలో ఒక్కరూ మిగల్లేదు. “ఆదివారం ఎవరో బందరు నుంచి భోజనానికొస్తున్నారంట బాబూ, వాళ్ళ కోసమంట,” అన్నాడు లస్కరు. హిదాయతుల్లా అదే లారీలో వెనక్కి వచ్చేశాడు. ప్రేమమ్మని చూడలేదు. ఈ సంగతి స్నేహితులకి చెప్పలేదు, ఆఖరికి భార్య ఆబిదాకి కూడా చెప్పలేదు.

గురువారం పొద్దున్నే పాత జావా తీశాడు. చెయిను కిరసనాయిల్లో కడిగాడు, ప్లగ్గు విప్పి గీకాడు, క్లచ్చి తీగకి నూనె పోశాడు. అన్నీ ముందురోజు చేసినవే. చెయ్యడానికి ఇంకేమీ లేనప్పుడు బయల్దేరాడు.

గట్టు బాగానే ఉంది. ఒక పక్క కాలవ నిండుగా, రెండో పక్క దాళ్వా నాట్లు. ఎదురొచ్చే ఎడ్లబండ్లకి తప్పుకోవడానికి రెండుసార్లు దిగి బండి తోసుకున్నాడు. మూర్తి గీసిన గీతలో లేని ఒక తెగిన కల్వర్టు దగ్గర తాటిదుంగలు వేసి ఉన్నాయి. బుల్లెట్ బరువుకి ఆగుతాయా లేదా అని కాలితో తొక్కి చూశాడు. పని మీద వచ్చినవాడిలాగే అన్నీ చూశాడు. చల్లపల్లిలో ఆగి టిఫిను తిన్నాడు. పులిగడ్డ దాటేదాకా అతనికి ఊపిరి బాగానే ఆడింది.

ఆ తర్వాత చెట్లు మారిపోయాయి. తలల్లేని తాటిచెట్లు వరసగా నిలబడి ఉన్నాయి. కొన్ని చేలు పచ్చగానే ఉన్నాయి, కొన్నిట్లో ఉప్పు తెల్లగా పొంగి ఉంది. ఎవరో ధర్మాత్ములు కట్టించిన సిమెంటిళ్ళు, అన్నీ ఒక్కలాగే, అన్నీ ఒకే వైపు తిరిగి. ఒక చోట బండి ఆపి, వెనక్కి తిప్పుదామా అనుకున్నాడు. తిప్పితే మూర్తి కార్డు రాస్తాడు. అది తలుచుకుని ముందుకే పోనిచ్చాడు.

ప్రేమమ్మ రేకుల షెడ్డు ముందు కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మనిషి సగానికి సగం తగ్గిపోయింది. జావా చప్పుడు విని తలెత్తింది.

“సాయిబుగారా! ఎన్నాళ్ళకండీ! రండి అన్నయ్యగారూ, కూర్చోండి. ఒక్కరే వచ్చారేం? మూర్తిగారూ వాళ్ళూ కులాసానా?”

“అందరూ కులాసానే చెల్లెమ్మా.”

ఆమె లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చింది. అతను గ్లాసు చేతిలో పట్టుకున్నాడు గానీ తాగలేదు. ఆమె మళ్ళీ చేట ముందు కూర్చుంది. చేట ఒకసారి కుదిపి, రాయి తీసి పారేసి, మళ్ళీ కుదుపుతోంది.

“ఆదివారం వద్దామనుకుంటున్నారు వాళ్ళు. నలుగురం.”

“రండి. ఎంత మాట!”

“దానికి ముందు నీకొకటి చెప్పాలి. ఎప్పుడో రావాల్సింది. మొహం చెల్లక రాలేదు. యలమంద పాలెం వెళ్ళింది నా కోసం, చెల్లెమ్మా. ఆ ముగ్గురూ ఏది పెట్టినా తింటారు. చేప నా ఒక్కడికే. నా మూలంగానే...” బందరు నుంచి ఎన్నో మాటలు కూడగట్టుకుని వచ్చాడు, ఒక్కటీ మిగల్లేదు.

ప్రేమమ్మ చేట ఆపలేదు.

“ఆ సంగతి నాకు తెలుసండి,” అంది. “కార్డు నేనే చదివించుకున్నాను కదా.”

“నన్ను తిట్టుకుని ఉంటావు.”

“మిమ్మల్నెందుకండీ? మీరేం చేశారు? పంపించింది నేను.” చేట కింద పెట్టింది. “ఆ పొద్దున ఆయన వెళ్తానన్లేదు. చినుకు పడతానే ఉంది, గాలి తూర్పు నుంచి తేడాగా కొడతా ఉంది. ‘ఈ గాలిలో పాలెం ఏం పోతామే, ఆ సాయిబుగారికి రెండు గుడ్లు ఉడకేసి పులుసులో పడెయ్, తింటారు’ అన్నాడు. నేనే విన్లేదు. కోడి తిననోళ్ళు గుడ్డు మాత్రం తింటారా, అంత దూరం నుంచొచ్చిన మనిషి ఒట్టి అన్నం తిని లేస్తే మన పరువేం కావాలి అన్నాను. పోనీ కాలవ చేప తెస్తానన్నాడు. అది మట్టివాసనని మీరొకసారి ఆకులో వదిలేశారు, గుర్తుందా? అదీ వద్దన్నాను. ‘నీ బద్ధకానికి గాలొకటి వంక’ అని కూడా అన్నానండి. ఆయన మాట్లాడకుండా సైకిలు తీసుకుని పోయాడు. అదే నేనన్న ఆఖరి మాట.”

హిదాయతుల్లా గ్లాసు పక్కన పెట్టాడు. కాలవ చేప వదిలేసిన సంగతి అతనికి గుర్తే లేదు.

“వాళ్ళనీ వీళ్ళనీ అడుగుదామనుకున్నాను,” అందామె. “అవనిగడ్డలో సాయిబులున్నారు. కానీ ఒక్కొక్కళ్ళ ఇంట్లో ఒక్కో పద్ధతి ఉంటది కదా. మిమ్మల్నే అడగాలి. ఎప్పుడైనా వస్తారని చూశాను. నిజం చెప్పండి, నేను బాధపడతానని చూడకండి. మీరు గుడ్డు తింటారా?”

ఆ పొద్దున్నే చల్లపల్లిలో అతను డబుల్ ఆమ్లెట్టు తిన్నాడు. నిన్న రాత్రి ఆబిదా గుడ్డు కూర చేసింది. అతని ఇంట్లో ఆదివారం కాకపోతే మంగళవారం, మంగళవారం కాకపోతే గురువారం, గుడ్డు లేని వారం ఉండదు.

యలమంద సరిగ్గానే చెప్పాడు. ఆమె ఆ మాట విని ఉంటే యలమంద ఇవాళ ఆ షెడ్డు వెనక కట్టెలు కొడుతూ ఉండేవాడు. ఆమెకి కావలసింది ఆ ఒక్క జవాబు. పదిహేను నెలలుగా దాని కోసం ఎదురుచూసింది. అతని మొహంలోకే చూస్తోంది.

“తినను,” అన్నాడు హిదాయతుల్లా.

“ఎప్పుడూ?”

“మా ఇంటా వంటా లేదమ్మా. మా నాన్న తినేవాడు కాదు, నేనూ తినను. మొహమాటానికి ఆకులో వేయించుకున్నా వదిలెయ్యాల్సిందే. నువ్వు అన్నదే రైటు. నాకు చేపే కావాలి, అదీ సముద్రం చేపే కావాలి. ఆ రోజు గుడ్డు పెట్టుంటే లేచిపోయేవాణ్ణి.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చప్పుడు లేకుండా చాలాసేపు ఏడ్చింది. అతను ఓదార్చబోలేదు, ఆ హక్కు తనకి లేదనిపించింది.

“అయితే ఆయన్ని ఊరికే పంపలేదన్నమాట,” అంది చివరికి, తనలో తను.

“ఊరికే పంపలేదు.”

మొహం తుడుచుకుని చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. “ఆదివారం రండి. మీకు చేప తెప్పిస్తాను. పాలెంలో మళ్ళీ వలలేస్తున్నారు. మిగతా వాళ్ళకి ఆ పూటకి గుడ్ల పులుసు చేస్తాలెండి, పీతలు దొరకట్లేదు.”

ఉప్పెన తర్వాత బందర్లో చాలామంది రెండు మూడు నెలలు చేప ముట్టలేదు. ఆ నీళ్ళలో ఏమేమి కలిశాయో తలుచుకుంటే ముద్ద దిగేది కాదు. తర్వాత అందరూ తిన్నారు. హిదాయతుల్లా ఇప్పటికీ ముట్టలేదు. ఒంటికి పడటం లేదని ఆబిదాకి చెప్పాడు.

“అలాగే చెల్లెమ్మా,” అన్నాడు.

శనివారం సాయంత్రం కొట్టు దగ్గర మళ్ళీ క్యాలెండరు కాగితం పరిచారు. చిన్నబాబు రాత్రికి బందర్లోనే పడుకుని అందరితో కలిసే బయల్దేరతానన్నాడు, ఘంటసాలలో ఒక్కడూ కాచుక్కూర్చోడం విసుగట. తెగిన కల్వర్టు ఎక్కడుందో హిదాయతుల్లా కాగితం మీద చుక్క పెట్టి చూపించాడు. బుల్లెట్ దిగి తోసుకోవాలన్నాడు. పులిగడ్డ దాటాక ఎక్కడ ఇసక మేట వేసిందో చెప్పాడు. అన్నీ చెప్పాక గుడ్డపీచుతో చేతులు తుడుచుకున్నాడు.

“ఇంకొక్కటి. నేను గుడ్డు తినను.”

చిన్నబాబు పగలబడి నవ్వాడు. “ఎప్పట్నించి బావా? మొన్న సినిమా వదిలాక నా ప్లేట్లో ఆమ్లెట్టు కూడా లాక్కుని తిన్నదెవరు?”

“గురువారం నించి. ప్రేమమ్మ దగ్గర ఎవరైనా నోరు జారారో, వాళ్ళ బండి మళ్ళీ నేను ముట్టను. ఇది వేళాకోళం కాదు.”

అప్పుడు చెప్పాడు. లస్కరు చెప్పిందీ, ప్రేమమ్మ చెప్పిందీ, ఆమె అడిగిందీ, తనన్నదీ. చెబుతున్నంతసేపూ ఎదురుగా ఉన్న రాజ్‌దూత్ చక్రంలో ఊచలు ఒక్కొక్కటే బిగిస్తూ కూర్చున్నాడు. బిగించినవే మళ్ళీ బిగించాడు.

చిన్నబాబు తల దించుకున్నాడు. ప్రకాశరావు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

“ఆ ముక్క రాసింది నేను,” అన్నాడు మూర్తి. మొహం పాలిపోయింది. “నువ్వు రాయమనలేదు కూడా. నాకై నేనే, ఏదో పెద్ద మర్యాద చేస్తున్నట్టు... ఇన్నాళ్ళూ ఒక్కడివే మోశావా? నాకు చెప్పడానికి నోరు రాలేదా నీకు?”

“చెబితే ఏం చేసేవారు పంతులుగారూ?”

“ఏం చేసేవాణ్ణి! నేనూ ఏడ్చేవాణ్ణి.” మూర్తి గొంతు కోపంగానే ఉంది, కళ్ళు మాత్రం నిండిపోయాయి. “మొన్న మీరందరూ నవ్వేలాగ చదివాను కదయ్యా దాన్ని.”

చిన్నబాబు క్యాలెండరు కాగితం మడిచి, “పోనీ మానేద్దామా?” అన్నాడు.

“మానేస్తే ఆవిడ చేప ఏం చేసుకుంటుంది?” అన్నాడు హిదాయతుల్లా.

ఆదివారం ఏడింటికి నాలుగు బళ్ళూ గట్టెక్కాయి. ముందు జావా, వెనక మూర్తి రాజ్‌దూత్, దాని వెనక ప్రకాశరావు యెజ్డీ, ఆఖర్న బుల్లెట్. ఇదివరకైతే చిన్నబాబు అందర్నీ దాటుకుపోయి ముందు వంతెన మీద కూర్చుని వెక్కిరించేవాడు. ఆ రోజు వరస తప్పలేదు. కాలవ మీద మంచు ఇంకా విడలేదు. బట్టలుతికే ఆడవాళ్ళు తలలెత్తి చూశారు, పిల్లలు గట్టు వెంట పరిగెత్తుకొచ్చారు. గట్టు మీద అంత చక్కటి ఉదయం వాళ్ళకి ఎప్పుడూ దొరకలేదు. దాన్ని చూసి ఒకరితో ఒకరు చెప్పుకోవడానికి ఎవరికీ మనసు రాలేదు. మూర్తి కూడా మూడో గేరులో నడిపాడు.

ప్రేమమ్మ షెడ్డు ముందు చాప పరిచి నాలుగు ఆకులు వేసింది. ముగ్గురి ఆకుల్లోనూ గుడ్ల పులుసు వడ్డించింది. హిదాయతుల్లా ఆకు దగ్గరికొచ్చేసరికి గిన్నె పక్కకి తిప్పి, చుక్క పడకుండా దాటించింది. అలవాటు చొప్పున చిన్నబాబు తన గుడ్డులో సగం చీల్చి హిదాయతుల్లా ఆకు వైపు చెయ్యి చాపాడు. చెయ్యి సగం దారిలో ఆగింది. ఆమె చూసింది.

“ఆయనకి పెట్టకండి, తినరు,” అంది.

“అవునవును. మర్చేపోయానమ్మా,” అన్నాడు చిన్నబాబు. ఆ ముక్క తనే నోట్లో కుక్కుకున్నాడు.

అప్పుడామె లోపల్నుంచి వేరే గిన్నె తెచ్చింది. పులుసు ఎర్రగా ఉంది, మీద నూనె తేలుతోంది. అతని ఒక్కడి కోసం వండింది. రెండు ముక్కలు వేసి, పక్కకి పోకుండా అక్కడే గుంజని ఆనుకుని నిలబడింది.

హిదాయతుల్లా ముల్లు తీశాడు. ముద్ద కలిపాడు. మూర్తి తన ఆకులోకి చూస్తూ తినడం ఆపేశాడు. హిదాయతుల్లా ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పళ్ళు బిగించి మింగాడు. రెండో ముద్ద కలిపాడు. అదీ మింగాడు. ఆమె కళ్ళు అతని చేతి వెంట ఆకు దాకా, ఆకు నుంచి నోటి దాకా తిరుగుతున్నాయి.

“మట్టివాసన లేదు కదండీ?”

“లేదమ్మా. చాలా బాగుంది,” అన్నాడు. “ఇంకో ముక్క వెయ్యి.”

ఆమె గరిటెతో గిన్నె అడుగుదాకా వెతికి, నడిమి ముక్క చూసి వేసింది.